ఊరేగింపు గుర్రానికి వీపు వదులు చేయడం: డ్రెస్సేజ్ తొలిపాఠాల డైరీ

మే నెలాఖరు

పశువైద్యుడి పరీక్షలు పూర్తయ్యాయి కాబట్టి చంద్రితో చేయబోయే డ్రెస్సేజ్ పనిని, అంటే రౌతు చిన్న సంకేతాలకే గుర్రం సడలి నడిచేలా మెట్టు మెట్టుగా తీర్చే శిక్షణను, ఈ రోజు నుంచి రాసి పెట్టుకుంటున్నాను. చంద్రి మార్వారీ రక్తం ఉన్న ఆడగుర్రం. చెవుల కొనలు లోపలికి తిరిగి ఒకదాన్నొకటి తాకుతాయి. మూపు దగ్గర ఎత్తు దాదాపు 147 సెంటీమీటర్లు. అంబాజీపేట దగ్గరి మా కొబ్బరితోటకు రాకముందు దాని జీవితమంతా పెళ్ళి ఊరేగింపుల్లోనూ జాతరల్లోనూ గడిచింది. మేళం ముందు తల నిలువుగా ఎత్తి, మెడను వెనక్కి లాక్కుని, ఉన్నచోటనే కాళ్ళు ఆడించడం దానికి నేర్పిన విద్య. దాన్ని నేర్పింది పొడవాటి పిడులున్న కర్బ్ కళ్ళెం. పగ్గాన్ని కొద్దిగా లాగినా ఆ పిడులు మీటలుగా పనిచేసి, నోటి మీదా, దవడ కిందా, నెత్తి మీదా ఒత్తిడిని కొన్ని రెట్లు పెంచుతాయి. ఆ ఒత్తిడిని తప్పించుకోవడానికి గుర్రం తల ఎత్తుతుంది, తల ఎత్తితే వీపు కుంగుతుంది, కుంగిన వీపు మీద మనిషి కూర్చుంటే నొప్పి పుడుతుంది, నొప్పి పుట్టిన గుర్రం ఇంకా బిగుసుకుంటుంది.

ఆ చరిత్ర అంతా దాని ఒంటి మీద కనిపిస్తూనే ఉంది. మెడ పైభాగం పలచగా ఉండి, కింది కండ ఉబ్బి ఉంది. మూపు వెనుక రెండు పక్కలా గుంటలు పడ్డాయి. వెన్నుకు అటూ ఇటూ వేళ్ళతో మెల్లగా ఒత్తుకుంటూ వెళితే, జీను వెనుక అంచు ఆనే చోటుకు రాగానే చర్మం అదిరి, వీపు చేతి కింద నుంచి కిందికి జారుకుంటుంది. వైద్యుడు పళ్ళు చూసినప్పుడు పై దవడ పళ్ళకు బయటి అంచునా, కింది దవడ పళ్ళకు నాలుక వైపునా వాడి మొనలు తేలి ఉన్నాయి. వాటిని ఆకురాయితో రాశారు. నోటిలో నొప్పి ఉన్నంతకాలం సడలింపు గురించి ఎన్ని కబుర్లు చెప్పుకున్నా ప్రయోజనం లేదు. కర్బ్ కళ్ళెం తీసేసి, మీటల్లాంటి పిడులు లేని మామూలు స్నాఫిల్ కళ్ళెం పెట్టాము. ముక్కుపట్టీని, ముక్కు ఎముకకూ పట్టీకీ మధ్య రెండు వేళ్ళు సులువుగా దూరేంత వదులుగా కట్టాము. పాత జీను అడుగుభాగం నేరుగా వెన్నుపూసల మీద కూర్చుంటున్నందున దాన్ని పక్కన పెట్టి, నడుమ వెన్నుకు తగినంత ఖాళీ వదిలే జీను తెప్పించాము.

డ్రెస్సేజ్ అన్న మాట 2023లో హాంగ్‌ఝౌ ఏషియన్ గేమ్స్‌లో భారత జట్టు స్వర్ణం గెలిచాక మా ఊళ్ళో కూడా కొందరి నోట వినబడింది. గుర్రపు స్వారీలో 1982 ఢిల్లీ ఏషియన్ గేమ్స్ తరువాత మనకు దక్కిన మొదటి స్వర్ణం అదే. అంతటి పోటీల్లో నిలిచే గుర్రాలైనా మా చంద్రి అయినా ఒకే మెట్టు దగ్గర పని మొదలుపెట్టాలి. జర్మన్ శిక్షణ పద్ధతిలో ఆ మెట్లు ఆరు: లయ, సడలింపు, కళ్ళెంతో నిలకడైన సంబంధం, ఊపు, వంకర లేకుండా నడవడం, చివరగా వెనుక కాళ్ళ మీద బరువు తీసుకుని శరీరాన్ని కూడగట్టుకోవడం. ఊరేగింపు గుర్రానికి ఆరో మెట్టు ఆకారాన్ని మొదటి రోజే బలవంతంగా తొడుగుతారు. నేను మొదటి రెండు మెట్ల మీదే ఉండదలచుకున్నాను. పగ్గం వదిలితే చంద్రి మెడను ముందుకూ కిందికీ చాపాలి, వీపు పైకి రావాలి, ట్రాట్‌లో (కాళ్ళు జంటగా పడే మెల్లని పరుగులో) లయ చెడకుండా 20 మీటర్ల వృత్తం తిరగాలి, మళ్ళీ పగ్గం అందుకుంటే బిగుసుకోకూడదు. ఈ ప్రాజెక్టు హద్దు అంతే.

జూన్

ఈ నెల ఎక్కువ సమయం నేల మీద పోయింది, అలా పోవడం న్యాయమే. మా తోటది గోదావరి ఒండ్రు కలిసిన నల్లమట్టి. వాన పడితే గిట్టకు అంటుకుని లాగుతుంది, ఎండితే బీటలు వారి గట్టిపడుతుంది. అడుగు వేసిన ప్రతిసారీ జారుతుందేమో, దెబ్బ తగులుతుందేమో అని జాగ్రత్తపడే గుర్రం వీపు వదలదు. అందుకని తోట పక్కనున్న మెరకలో 20 మీటర్ల వెడల్పు, 40 మీటర్ల పొడవు కొలిచి, చుట్టూ బోదె తీసి, గ్రావెల్ పరిచి రోలరు తిప్పించాము. దాని మీద ఇసుకలో కొద్దిగా కొబ్బరి పీచు, పీచు పొట్టు కలిపి సుమారు నాలుగంగుళాల మందాన పోశాము. ఇసుక మరీ లోతుగా ఉంటే కాలి స్నాయువులకు (కండరాన్ని ఎముకకు కలిపే తాళ్ళకు) శ్రమ, పలచనైతే కీళ్ళకు దెబ్బ. పీచు పొట్టు నీటిని పట్టి ఉంచుతుంది కాబట్టి దుమ్ము లేవదు. అయితే పొట్టు వాటా ఎక్కువైతే తడిసినప్పుడు జారుడు వస్తుంది, కనుక ఇసుకే ప్రధానంగా ఉండాలి. కొబ్బరి పీచు మిల్లులు చుట్టూ ఉన్న ఊరు కావడం వల్ల ఈ సరుకు కోసం దూరం వెళ్ళవలసిన అవసరం రాలేదు.

పని సాగుతుండగా చూడవచ్చిన వాళ్ళు తరచు అడిగే ప్రశ్న ఒకటుంది: తల దించడం నేర్పడానికి ఇంత హంగామా ఎందుకు, కిందికి తాడు కట్టి లాగితే సరిపోదా? సరిపోదు. గుర్రానికి మెడలో 7, వీపులో 18, నడుములో 6 వెన్నుపూసలు ఉంటాయి. నెత్తి వెనుక నుంచి మూపు దాకా ఒక బలమైన బంధనం సాగుతుంది. మూపు దగ్గరి పూసలకు పైకి లేచిన పొడవాటి ఎముక ముళ్ళు ఉంటాయి, ఆ బంధనం వాటికి అతుక్కుని, అక్కడి నుంచి వెన్ను పొడుగునా వెనక్కి కొనసాగుతుంది. గుర్రం తనంతట తాను మెడను ముందుకూ కిందికీ చాపినప్పుడు బంధనం బిగిసి ఆ ముళ్ళను ముందుకు లాగుతుంది, దానితో వీపు పైకి లేస్తుంది. అదే సమయంలో పొట్ట కండరాలు పనిచేసి, వెనుక కాళ్ళు కడుపు కిందికి వచ్చి అడుగు వేయాలి. అప్పుడే వీపు పొడుగునా ఉన్న పెద్ద కండరాలు బరువు మోసే పని వదిలి, ప్రతి అడుగుకూ బిగిసి వదులవుతూ తమ అసలు పని చేస్తాయి. వెనుక కాళ్ళు వెనుకే ఉండిపోయి తల మాత్రం కిందికి వస్తే, ఆ గుర్రం మెడ దించింది, అంతే. బరువంతా ముందు కాళ్ళ మీదకు జారుతుంది. గుర్రానికి భుజాన్ని ఛాతీకి కలిపే జత్రుక ఎముక (కాలర్‌బోన్) ఉండదు కనుక దాని మొండెం ముందు కాళ్ళ మధ్య ఛాతీ కండరాల మీదే ఆధారపడి ఉట్టిలో కుండలా వేలాడుతుంది. ఆ కండరాలు అలసినా, బిగిసినా భుజాలు స్వేచ్ఛగా కదలవు. తాడు కట్టి లాగడం వల్ల ఈ కండరాల్లో ఒక్కటీ బలపడదు. దవడలోనూ నెత్తి వెనుకా కొత్త బిగువు మాత్రం పుడుతుంది.

జూలై

జీను లేకుండా, నిలబెట్టి చేయించే సాగదీతలు మొదలుపెట్టాము. ముందుగా చంద్రిని తోట గట్టు మీద చేత్తో పట్టుకుని బాగా నడిపిస్తాము. చల్లబడి ఉన్న కండరాన్ని సాగదీయకూడదు. తరువాత చదునైన గచ్చు మీద నాలుగు కాళ్ళూ సమంగా ఉండేలా, వెనుకభాగం గోడకు దగ్గరగా నిలబెడతాము. గోడ లేకపోతే మెడ చాపడానికి బదులు వెనక్కి అడుగులు వేస్తుంది.

ఎరగా క్యారెట్ వాడుతున్నాము. రావులపాలెం మార్కెట్ అరటిపళ్ళంటే చంద్రికి ప్రాణం, కానీ అరటిపండు పెదవి తగలగానే నలిగి చేతిలో ఉండిపోతుంది. పొడవాటి క్యారెట్ అయితే అది అంచును కొరుకుతూ ఉన్నంతసేపు మెడ ఆ భంగిమలో నిలుస్తుంది. గడ్డాన్ని మొదట ఛాతీకి, తరువాత మోకాళ్ళ మధ్యకు, అలవాటయ్యాక చీలమండల మధ్యకు రప్పించాలి. పక్కకు వంచేటప్పుడు ముందు జీను పట్టీ బిగించే చోటుకు, ఆపైన డొక్కకు, చివరికి వెనుక కాలి మడమ వైపుకు. ఒక్కో భంగిమలో కొన్ని సెకన్లు ఆపి, కొద్దిసార్లు మాత్రమే చేయిస్తాము. పక్కకు వంగినప్పుడు రెండు చెవులూ ఒకే ఎత్తులో ఉండాలన్నది ముఖ్యమైన గుర్తు. ఒక చెవి కిందికి జారిందంటే గుర్రం మెడ వంచడం మాని తలను మెలితిప్పి క్యారెట్ అందుకుంటోందని అర్థం. అప్పుడు ఎరను కొంత ముందుకు తెచ్చి తేలిక చేయాలి.

మొదటిసారి గడ్డం మోకాళ్ళ దాకా రావడం ఇక్కడ వివరంగా రాస్తాను, ఎందుకంటే ఏమి చూడాలో ఆ క్షణం నాకు స్పష్టంగా చూపించింది. శాలలో చంద్రిని చూసుకునే పెద్దాయన దాని తలకు కట్టిన తాడు వదులుగా పట్టుకుని భుజం పక్కన నిలబడ్డారు. క్యారెట్ ఛాతీ దగ్గరికి తేగానే చంద్రి పై పెదవిని మాత్రం ముక్కులా సాగదీసింది, మెడ కదల్చలేదు. చేయి ఇంకొంచెం దించితే కళ్ళు పెద్దవి చేసి తల పైకి ఎగరేసింది. "ఆయ్, దీనికి ఇన్నాళ్ళూ తలెత్తితేనే పండు పెట్టేవారండి. ఇప్పుడు దించితే పెడతామంటే నమ్ముద్దా అండి?" అన్నారు పెద్దాయన. ఆయన చెప్పింది నూటికి నూరుపాళ్ళు నిజం. చేయి కదల్చకుండా ఉంచాను. కాసేపటికి నాసికలు కదిలాయి, మెడ అంగుళం దిగింది, ఆగింది, మళ్ళీ దిగింది. గడ్డం మోకాళ్ళ మధ్యకు చేరినప్పుడు మూపు ముందున్న కండ సన్నగా వణకడం, ఆ వెంటనే పొట్ట పైకి అదుముకోవడం, మూపు వెనుక వీపు కొద్దిగా నిండినట్టు లేవడం మూడూ ఒకదాని వెంట ఒకటి కనిపించాయి. క్యారెట్ నమిలాక చంద్రి నోరు ఆడిస్తూ పెదవులు నాకుకుంది, తల మూపు ఎత్తుకు దించి అలాగే నిలబడింది.

కాళ్ళ సాగదీతల గురించి తక్కువే రాయాలి, ఎందుకంటే వాటిలో చేయకూడనివే ఎక్కువ. ముందు కాలిని మోకాలి వెనుక పట్టుకుని నెమ్మదిగా ముందుకు తీసుకువెళతాము. గుర్రం ఎంత ఇస్తే అంతే. గిట్టను పట్టి లాగము, ఎత్తు పెంచము. కాలు మన చేతిలో బరువుగా వదిలేసినప్పుడే అది సడలింపు. వెనక్కి గుంజుకుంటుంటే ఆ రోజుకు ఆపడం మంచిది.

ఆగస్టు

సార్వా ఊడ్పులు సాగుతున్నాయి, చుట్టూ నీరే. ఈ డెల్టాలో గుర్రంతో పనిచేసేవాడికి అన్నిటికన్నా పెద్ద ప్రశ్న గాలిలోని ఉక్క. గుర్రం కుక్కలా వగర్చి ఒళ్ళు చల్లబరుచుకోలేదు, ప్రధానంగా చెమట మీదే ఆధారపడుతుంది. గాలి తడితో నిండి ఉంటే చెమట ఆరదు, చెమట ఆరకపోతే వేడి దిగదు. ఇలాంటి వాతావరణంలో కొన్ని గుర్రాలకు క్రమంగా చెమట పట్టడమే ఆగిపోతుంది. ఒళ్ళు పొడిగా ఉండి ఊపిరి వేగంగా ఆడుతుంటే వెంటనే పని ఆపి వైద్యుణ్ణి పిలవాలి. అందుకని పని మొత్తం తెల్లవారుజామునే. విశ్రాంతిలో ఉన్నప్పుడు గుండె నిమిషానికి 28 నుంచి 44 సార్లు, ఊపిరి 8 నుంచి 16 సార్లు ఉండటం మామూలు. పని అయ్యాక ఈ రెండూ ఎంత తొందరగా దిగుతున్నాయో ప్రతిసారీ చూసి రాసుకుంటున్నాను. మెడ, ఛాతీ, కాళ్ళ లోపలి వైపు నీళ్ళు పోసి, తుడిచి, నీడలో నడిపిస్తాము.

ఇది సడలింపుకు సంబంధం లేని విషయం అనుకునేవాళ్ళు ఉంటారు. అలసిపోయి తల వేలాడేసిన గుర్రాన్ని చూసి శాంతించింది అనుకోవడం ఇక్కడ చాలా సులభం. అలసటలో కన్ను మసకబారుతుంది, అడుగు ఈడ్చుకుపోతుంది. సడలిన గుర్రం అడుగు పెద్దదవుతుంది, కన్ను చురుగ్గానే ఉంటుంది, చెవులు ఒకసారి ముందుకూ ఒకసారి మన వైపుకూ తిరుగుతూ ఉంటాయి.

కాటు ఈగల వల్ల తోక కొట్టుకోవడం, కాళ్ళు తన్నుకోవడం ఎక్కువైంది. ఈ ఈగలు సర్రా అనే రక్త వ్యాధిని మోస్తాయి కనుక శాలలో సాయంత్రం వేపాకు పొగ వేసి, జ్వరం ఏమాత్రం అనిపించినా రక్తపరీక్ష చేయించాలని వైద్యుడు చెప్పారు. గిట్టల అడుగున తడికి కుళ్ళు పట్టకుండా రోజూ శుభ్రం చేసి ఆరబెడుతున్నాము.

సెప్టెంబరు

ఇప్పుడు పొడవాటి తాడు మీద వృత్తంలో తిప్పుతున్నాము. తలను పక్కలకు బిగించే పగ్గాలు ఏవీ కట్టలేదు. వృత్తం చిన్నదైతే కీళ్ళ మీద భారం పడుతుంది కాబట్టి తాడు పొడవు ఇచ్చినంత ఇచ్చి, నేను కూడా లోపల చిన్న వృత్తంలో నడుస్తూ ఉంటాను. నడక నుంచి ట్రాట్‌కు, ట్రాట్ నుంచి నడకకు మార్పులే పాఠం. తల గురించి ఏమీ అడగను. లయ ఒక్కటే వింటాను: నడకలో నాలుగు దెబ్బలు, ట్రాట్‌లో ఎదురెదురు మూలల కాళ్ళు జంటగా పడుతూ రెండు దెబ్బలు. మొదట్లో ట్రాట్ దెబ్బలు తడబడి, ఊరేగింపు అడుగులోకి జారేవి. వేగం తగ్గించడం కాకుండా, నిలకడగా ముందుకు వెళ్ళనివ్వడం వల్ల ఆ తడబాటు పోయింది.

తెల్లవారగానే పెద్దాయన మైదానాన్ని దంతెతో దువ్వి పెడతారు. తడి ఇసుక మీద చంద్రి జాడ చదవడం ఈ నెల నాకు దొరికిన మంచి కొలబద్ద. నెల మొదట్లో నడకలో వెనుక గిట్ట గుర్తు ముందు గిట్ట గుర్తుకు జానెడు వెనుకనే పడేది. నెలాఖరుకు ఎడమచేతి వైపు వృత్తంలో వెనుక గిట్ట ముందు గిట్ట గుర్తును చెరిపి దాని మీద పడుతోంది, కొన్నిసార్లు దాటుతోంది. కుడిచేతి వైపు ఇంకా రెండు మూడు వేళ్ళ దూరం మిగిలే ఉంది. ప్రతి గుర్రానికీ పుట్టుకతో ఒక పక్క గట్టిగా, ఒక పక్క బోలుగా (ఆ వైపుకు సులువుగా వంగేలా) ఉంటుంది. మేళంలో ఎప్పుడూ ఒకే పక్క నుంచి పట్టుకుని నడిపించడం వల్ల చంద్రికి అది ముదిరిందని నా అభిప్రాయం.

వీపు వదలడానికి ముందు వచ్చే గుర్తులకు ఒక వరుస ఉంది. మొదట బుస్సుమని ముక్కు చీదుతుంది, తోక బిగువు వదిలి అటూ ఇటూ ఊగుతుంది, నోరు మెల్లగా ఆడుతుంది, పెదవి అంచున తెల్లని నురగ సన్నగా కనిపిస్తుంది. ఆ తరువాతే మెడ చాపుతుంది. ఈ వరుస తలకిందులై, చీదకుండా తోక బిగించి ఉండగానే మెడ కిందికి వస్తే ఆ మెడను నేను నమ్మను.

అక్టోబరు, నవంబరు

ఇప్పుడు జీను మీద పని. మొదటి పది నిమిషాలూ పగ్గాలు పూర్తిగా వదిలి నడక మాత్రమే. తరువాత జీను మీద లేస్తూ కూర్చుంటూ చేసే ట్రాట్, ఎందుకంటే చల్లగా ఉన్న వీపు మీద కూర్చుని కుదిపితే అది కుంగుతుంది. 20 మీటర్ల వృత్తాలు, పాము వంపులు, పిక్కతో పక్కకు జరపడం. నా లోపలి కాలు (వృత్తం మధ్య వైపు కాలు) అడిగిన దాన్ని బయటి పగ్గం అందుకోవాలి. లోపలి పిక్క ఒత్తిడికి వెనుక లోపలి కాలు కడుపు కిందికి వచ్చి, పక్కటెముకలు బయటికి వంగి, బయటి పగ్గంలో మెత్తని బరువు తెలిసినప్పుడు వీపు వదలడానికి సిద్ధంగా ఉన్నట్టు.

అప్పుడు పగ్గాన్ని వేళ్ళ మధ్య నుంచి కొంచెం కొంచెంగా జారనిస్తాను. విసిరేయకూడదు. గుర్రం కళ్ళేన్ని నములుతూ, పగ్గాన్ని తానే అడిగి తీసుకోవాలి. ముక్కు నిలువు గీతకు ముందే ఉండాలి, నోరు భుజం ఎత్తుకు దిగితే చాలు, లయ వేగం పెంచకూడదు. వేగం పెరిగి చేతులు బరువెక్కితే, ముందు కాళ్ళ మీదకు ఒరిగిందన్నమాట. ఒక్క క్షణం నడుము నిలబెట్టి ఊపిరి వదిలి, ఒక మార్పు అడిగి, లయ కుదిరాక మళ్ళీ పగ్గం ఇస్తాను. అమెరికాలో కింది తరగతి డ్రెస్సేజ్ పోటీల్లో 20 మీటర్ల వృత్తం మీద సరిగ్గా ఇదే అడిగి పదికి మార్కులు వేస్తారు. మొదలుపెట్టే వాళ్ళ మీద ఇలాంటి పరీక్ష ఉండడం నాకు ఎంతో నచ్చుతుంది.

నవంబరులో వర్షం తెరిపి ఇచ్చిన ఒక ఉదయం చంద్రి ఎడమ వృత్తంలో మొదటిసారి వీపు నిజంగా ఇచ్చింది. కింద నుంచి జీను రెండు వైపులా మార్చి మార్చి లేస్తున్నట్టు తెలిసింది, లేవడానికి నా మోకాళ్ళు చేయవలసిన పని సగం తగ్గింది, వెనుక కాళ్ళ చప్పుడు మెత్తబడింది. అర వృత్తం నిలిచింది. వెంటనే నడకలోకి దించి, దిగి, పట్టీ వదులు చేశాను. ఆ రోజుకు ఇంకేమీ అడగలేదు. వదిలిన వీపుకు విశ్రాంతి తక్షణం అందాలి, లేకపోతే దాన్ని మళ్ళీ ఇవ్వడానికి గుర్రానికి కారణం ఏముంది?

ఈ సమయంలోనే ఒక బంధువు వచ్చి, మెడ విల్లులా వంచితేనే గుర్రానికి అందమని, గడ్డం ఛాతీకి ఆనించి తీసిన ఫోటోలు చూపించారు. ఆ రకం బలవంతపు వంపును అంతర్జాతీయ గుర్రపు స్వారీ సమాఖ్య 2010లోనే ఆమోదయోగ్యం కాదని ప్రకటించింది. జూలైలో మేము క్యారెట్‌తో చేయించినది కూడా గడ్డం ఛాతీకి రప్పించడమే కదా అని ఆయన అడిగారు, మంచి ప్రశ్న అడిగారు. అక్కడ గుర్రం తనకు తాను కొన్ని సెకన్లు వంగుతుంది, చాలనుకుంటే తల ఎత్తుకుంటుంది, వీపు మీద ఎవరూ ఉండరు. ఇక్కడ మనిషి చేయి ఆ స్వేచ్ఛను నిమిషాల తరబడి తీసేస్తుంది. ముందున్నది చూడలేక, ఊపిరి సరిగా ఆడక గుర్రం లొంగిపోతుంది. లొంగుబాటును సడలింపుగా ఎవరు చెప్పినా నేను ఒప్పుకోను.

డిసెంబరు, జనవరి

పెళ్ళిళ్ళ సీజన్ వచ్చింది. కాలువగట్టు రోడ్డు మీద బ్యాండ్ మేళం, డప్పులు వినపడగానే చంద్రి మెడ పాత ఆకారంలోకి వెళ్ళిపోతుంది. దానికి డప్పు అంటే భయం కన్నా ఎక్కువ. ఆ చప్పుడు వెంట కళ్ళెం గుంజుడు వస్తుందని ఒంటికి తెలుసు. కనుక ఆ జత విడదీయాలి. మేళం దూరంగా వినపడే చోట నడకలో పెద్ద వృత్తం తిప్పుతాను. అది తల ఎత్తి చూస్తే చూడనిస్తాను, చూడడం అయ్యాక లోపలి పిక్కతో వంపు అడిగి, పగ్గం ఇస్తాను. నమలడం, చీదడం తిరిగి వస్తే ఒక వృత్తం మేళం వైపుకు జరుగుతాము, రాకపోతే దూరం జరుగుతాము. ఎంత దగ్గరికి వెళ్ళాలో నిర్ణయించేది చంద్రి నోరే.

కనుమ నాడు జగ్గన్నతోట ప్రభల తీర్థానికి చుట్టుపక్కల ఊళ్ళ ప్రభలు కదిలాయి. డప్పులు, బాణసంచా, జనం. ఆ రోజు పాఠం పెట్టలేదు. శాలలో తలుపు తెరిచి, ముందర గడ్డి వేసి, పెద్దాయన పక్కనే కూర్చున్నారు. మధ్యాహ్నం నేను వెళ్ళేసరికి, "తలెత్తింది గానండి, కాళ్ళు మట్టుకు ఆడించలేదండి, గడ్డి తింటానే ఉంది" అని చెప్పారు. ఈ ఏడాది నోట్సులో నేను గీత గీసి పెట్టుకున్న వాక్యం అదే.

మార్చి

మెడ కింది కండ తగ్గింది, పైభాగంలో నింపు కనిపిస్తోంది, మూపు వెనుక గుంటలు సగం పూడాయి. జీను వెనుక అంచు దగ్గర ఒత్తితే చర్మం అదరడం పోయింది. శరీరం మారింది కనుక జీనును మళ్ళీ సరిచూసి, ముందు భాగంలో మెత్త మార్పించాము. ఎడమ వృత్తంలో పగ్గం ఇచ్చినప్పుడు చంద్రి వీపు లేపి పూర్తి వృత్తం నిలబెడుతోంది. పగ్గం తిరిగి అందుకునే పని మాత్రం ఎక్కువ కాలం పట్టింది, అసలు పరీక్ష కూడా అక్కడే ఉంది. చేతులను వెనక్కి లాగకుండా, వేళ్ళతో కొంచెం కొంచెంగా పగ్గం కురచ చేస్తూ, అదే సమయంలో రెండు పిక్కలతో ముందుకు పంపితే, వీపు అలాగే ఉండి మెడ మాత్రం కాస్త పైకి వస్తుంది. చేతులు తొందరపడితే వెంటనే పాత గుంట తిరిగి వస్తుంది. ఎడమ వైపు ఇది స్థిరపడింది. కుడి వైపు పగ్గం అందుకున్న తరువాత మొదటి కొన్ని అడుగుల్లో చంద్రి ఇంకా దవడ బిగిస్తోంది, ఇసుక మీద జాడ కూడా అదే చెబుతోంది.

కాంటర్‌లో (ట్రాట్ కన్నా వేగమైన పరుగులో) సాగదీత అడగడాన్ని వాయిదా వేశాను. మూడు దెబ్బల కాంటర్‌లో ఊపిరి అడుగుతో ముడిపడి ఉంటుంది, బిగువు ఉన్న గుర్రం అక్కడ ఊపిరి బిగబడుతుంది. కుడి వైపు ట్రాట్ కుదరకుండా దాన్ని అడగడం అన్యాయం. ఏప్రిల్ తరువాత కాలువలు కట్టేస్తారు, ఎండలు ముదురుతాయి, మైదానానికి నీరు బోరు మీద నుంచే తీసుకోవాలి. కనుక వేసవిలో జీను పని వారానికి సగం తగ్గించి, క్యారెట్ సాగదీతలు, చేత్తో నడక, కుడి వృత్తంలో నడక నుంచి ట్రాట్ మార్పులు మాత్రం కొనసాగిస్తాము. పెద్దాయన ఇకనుంచి కుడి పక్కనే నిలబడి నడిపిస్తానని మాట ఇచ్చారు. గిట్టలు కోసే మనిషి వచ్చే వారం వస్తున్నారు. కుడి వెనుక గిట్ట లోపలి అంచు ఎత్తుగా ఉన్నట్టు అనిపిస్తోంది కాబట్టి ముందు దాన్ని కొలిపించాలి.